ఒక గడి ఖాళీ

మా పిన్ని ఇక్కడే, బరంపురంలో, రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. విషయం రైల్వే కార్మిక సంఘాలు. సిద్ధాంతవ్యాసం సగంలో ఉంది, చేతిలో డబ్బు అయిపోవచ్చింది. అందుకని ఈమధ్య ఒక ఫెలోషిప్‌కి దరఖాస్తు పెడుతూ, తెలుగూ ఒడియా రెండూ వచ్చిన దాన్నని పాత కాయితాలు చదివిపెట్టడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఫారంలో ఒక పట్టిక ఉంది: చదివిన కోర్సు, విశ్వవిద్యాలయం, పూర్తయిన సంవత్సరం. దాని తరవాత, మీరు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నారో రాయమని రెండు పేజీల జాగా. పిన్ని మొదటి పేరాలోనే వి.వి.గిరి గారిని తెచ్చింది. రాష్ట్రపతి అయ్యారని, మన ఊరాయనని తప్ప నాకు ఆయన గురించి ఏమీ తెలియదు. చదివాక అనిపించింది, ఆ పట్టిక గిరి గారు నింపాల్సొస్తే ఒక గడి ఖాళీగా వదిలేయాల్సొచ్చేది.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు వకీలు, కాంగ్రెస్ మనిషి. తల్లి సుభద్రమ్మ గారి పేరు మనం తక్కువ వింటాం గానీ, శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం ముందు నిలబడి అరెస్టయిన మనిషి ఆవిడ. ఖల్లికోట కాలేజీలో చదువుకున్న గిరి గారు 1913లో న్యాయశాస్త్రం కోసం ఐర్లండు వెళ్ళారు. అప్పుడాయనది ఇంచుమించు మన వయసే.

ఆయన వెళ్ళేసరికి డబ్లిన్ ఊరు ఊరంతా అట్టుడికిపోతోంది. సంఘంలో చేరబోమని సంతకం పెట్టండి, లేకపోతే పనిలోకి రావద్దు అని యజమానులు గేట్లు మూసేశారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి రోడ్డు మీద పడ్డారు. వాళ్ళ నాయకుల్లో జేమ్స్ కానలీ ఒకరు. బారిస్టరు కావాలంటే కింగ్స్ ఇన్స్‌లో చదువుతూనే యూనివర్సిటీ కాలేజీలో ఒక ఏడాది కోర్సు తప్పనిసరిగా చెయ్యాలి. 1914-15లో అలా చేరిన మొదటి పదమూడు మంది భారతీయుల్లో గిరి గారు ఒకరు. మిగతావాళ్ళలో చాలామంది ఆ ఏడాదితో సరిపెట్టుకుంటే, ఈయనా ఇంకొక స్నేహితుడూ పూర్తి బీఏలోనే చేరారు. ఇంగ్లీషు చెప్పింది కవి థామస్ మెక్‌డొనా. రాజకీయ అర్థశాస్త్రం చెప్పింది ఫాదర్ ఫిన్లే, సహకార సంఘాల కోసం పనిచేసిన మనిషి. కూలి ఎవరు నిర్ణయించాలి, కూలివాడు ఒక్కడుగా అడిగితే ఏమవుతుంది, పదిమంది కలిసి అడిగితే ఏమవుతుంది లాంటి ప్రశ్నలు ఆయనకి క్లాసులో ఎంత దొరికాయో వీధిలోనూ అంత దొరికి ఉంటాయి. ఇది నా ఊహే అనుకోండి.

విద్యార్థులు ఊరికే కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న పాట్లమీద ఒక కరపత్రం అచ్చువేశారు. అది నిఘావాళ్ళ చేతిలో పడింది, అప్పట్నుంచి పోలీసుల చూపు వీళ్ళ మీదే.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు వచ్చింది. మే 3న మెక్‌డొనాను కాల్చి చంపారు. అంటే మొన్నటిదాకా పాఠం చెప్పిన మాస్టారు. గాయాలతో నిలబడలేని కానలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. నెలరోజుల్లో దేశం విడిచి వెళ్ళాలని జూన్ 1న గిరి గారికి నోటీసు వచ్చింది. జూన్ 21న బారిస్టరు పట్టా అయితే అందుకోగలిగారు. బీఏ మాత్రం అక్కడే ఆగిపోయింది. ఖాళీ గడి అని నేనన్నది దీని గురించే.

తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో వకాలతు మొదలుపెట్టారు. 1920లో గాంధీజీ పిలుపుతో అదీ వదిలేశారు. సారా దుకాణాల వేలానికి అడ్డుపడి 1922లో జైలుకెళ్ళారు. ఆ తరవాత ఆయన పట్టుకున్నది రైలు కార్మికుల్ని. బరంపురం స్టేషను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది, కాబట్టి అది ఆయనకి ఇంటిముందు సంగతే. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు, మరుసటేడు జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకి మన కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1928లో అదే బెంగాల్ నాగపూర్ రైల్వేలో, పనిలోంచి తీసేసినవాళ్ళ కోసం సమ్మె నడిపారు. చెయ్యి చేసుకోకుండా నడిపిన సమ్మె. కంపెనీ దిగిరాక తప్పలేదు.

1936లో మన ఊరు ఒడిశాలోకి వచ్చింది. ఆయన రాజకీయం ఆంధ్రలోనే సాగింది. బొబ్బిలి రాజావారిని ఎన్నికలో ఓడించి, 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళి నెహ్రూగారి దగ్గరా అదే శాఖ చూశారు. ప్రతి తగాదానీ సర్కారూ ట్రిబ్యునలూ తీర్చడం కాదు, ముందు యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి అన్నది ఆయన పద్ధతి. దీనికి గిరి పద్ధతి అని పేరు కూడా పడింది. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చింది 1954. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చేస్తే, మంత్రిపదవి వదులుకుని ఇంటికొచ్చేశారు. మూడేళ్ళకి కార్మిక అర్థశాస్త్రం ఆచార్యుల్ని కూడగట్టి ఒక సంఘం పెట్టారు, బీఏ పూర్తికాని ఆయన!

గవర్నరు పదవులు, 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో నీలం సంజీవరెడ్డి గారితో పోటీపడి రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచి రాష్ట్రపతి, 1975లో భారతరత్న, ఇవన్నీ పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉన్నవే. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

పిన్ని దరఖాస్తు పోయిన శుక్రవారం వెళ్ళింది. రెండు పేజీలు దాటుతోందని గిరి గారి పేరా మొత్తం కొట్టేసి, 1928 సమ్మె ఒక్క వాక్యం మాత్రం ఉంచింది. జవాబు ఇంకా రాలేదు.