యంత్రాన్ని బడికి పంపాలనుకున్న మనిషి

స్వర్ణోత్సవ సంచికకు కృత్రిమ మేధ మీద ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. జీడిమెట్లలో ముప్ఫై ఏళ్లుగా యంత్రాల మధ్య బతుకుతున్నవాణ్ణి కదా అని కాబోలు. యంత్రం మనిషిలా ఆలోచించగలదా అన్న ప్రశ్నను సూటిగా పట్టుకున్న అలాన్ ట్యూరింగ్ కథ చెబితే మేలనిపించింది.

ఆయనకు మన నేలతో సంబంధం ఉంది. తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశారు, తెలుగు నేర్చుకున్నారు. తల్లి తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ రైల్వే చీఫ్ ఇంజనీరు, తుంగభద్ర మీద వంతెన కట్టించినవారు. అలాన్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. తండ్రి ఉద్యోగం ఇక్కడ కావడంతో అన్నదమ్ములిద్దరూ ఇంగ్లండులో ఒక రిటైర్డు కల్నల్ ఇంట పెరిగారు.

1926లో షెర్‌బోర్న్ బడిలో చేరే రోజున దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. పదమూడేళ్ల పిల్లవాడు దాదాపు వంద కిలోమీటర్లు సైకిల్ తొక్కి, దారిలో ఒక రాత్రి ఆగి, బడికి చేరాడు. ఇంత శ్రద్ధ ఉన్నవాడికి అక్కడ మంచి పేరేమీ రాలేదు. కోడిగీతల రాత, పేజీ నిండా సిరా మరకలు, ఇంగ్లీషులో వెనకబాటు. లెక్కల్లో జవాబు వచ్చేది కానీ మెట్లు ఉండేవి కావు. మన మాస్టార్లయితే సగం మార్కులు కోసేవారు.

ఆ బడిలోనే క్రిస్టఫర్ మార్కమ్ అనే స్నేహితుడు దొరికాడు. సైన్సు, నక్షత్రాలు, లెక్కలు, అన్నీ ఇద్దరూ కలిసే. 1930 ఫిబ్రవరిలో క్షయతో క్రిస్టఫర్ చనిపోయాడు. శరీరం పోయాక మనసు ఏమవుతుంది, అసలు మనసు పదార్థంలో ఎలా ఇముడుతుంది అన్న ఆలోచన ట్యూరింగ్‌ను పట్టుకుంది. స్నేహితుడి తల్లికి దాని గురించి రాసి పంపాడు. తర్వాత ఆయన చేసిన పనిలో చాలా భాగానికి వేరు ఇక్కడే ఉందని నా నమ్మకం.

1936లో, కాగితం మీద లెక్క చేసే గుమాస్తా పనిని చిన్న చిన్న అడుగులుగా విడదీసి, ఒక ఊహా యంత్రాన్ని రాశారు. పొడవాటి టేపు మీద ఒక గుర్తు చదవడం, చెరపడం, రాయడం, పక్కకు జరగడం, అంతే. ఆ వ్యాసంలోనే అలాంటి యంత్రం తేల్చలేని ప్రశ్నలూ ఉన్నాయని రుజువు చేశారు. యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించిన కథ సినిమాగా వచ్చింది కాబట్టి మీకు తెలిసే ఉంటుంది.

1948లో యంత్ర మేధ మీద ఆయన ఇచ్చిన నివేదికను డైరెక్టరు బడిపిల్లవాడి వ్యాసమని తీసిపారేశారు. ఆయన బతికుండగా అది అచ్చుకాలేదు. 1950లో ‘మైండ్’ పత్రికలో మళ్లీ రాశారు: తెర వెనక ఉన్నది మనిషో యంత్రమో టైపు చేసిన జవాబులను బట్టి పోల్చుకోలేకపోతే, అది ఆలోచిస్తోందని ఎందుకు ఒప్పుకోకూడదు? అంతకు ముందు ఏడాదే జెఫర్సన్ అనే మెదడు సర్జన్, తన సంతోషం, దుఃఖం లోంచి కవిత రాసేదాకా యంత్రాన్ని మెదడుతో సమానమనలేమని అన్నారు. కవిత రాసినవాణ్ణి కూర్చోబెట్టి మౌఖిక పరీక్ష పెట్టండి, చిలకపలుకో అర్థమై రాసిందో తేలుతుంది అన్నది ట్యూరింగ్ సమాధానం.

మా తెలుగు మాస్టారు చేసిందీ అదే. గైడు చూసి రాశామని అనుమానమొస్తే బల్ల దగ్గరికి పిలిచి, వ్యాసం మధ్యలోంచి ఒక మాట పట్టుకుని ఇదెందుకు వాడావురా అనేవారు. మొన్న నేనూ ఆ పని చేశాను. ఫోనులోని కృత్రిమ మేధను మన ఫాక్స్ సాగర్ చెరువు మీద కవిత అడిగాను. క్షణాల్లో రాసింది. ఒక పదం ఎందుకు వాడావంటే చక్కగా చెప్పింది. ఆ పదం తప్పు కదా అన్నాను, వెంటనే తప్పేనంది. కాదు ఒప్పే అన్నాను, దానికీ సరేనంది. మార్కులు ఎన్ని వేయాలో నాకు తెలియలేదు. చెరువు ఎండిన ఏడు దానికి బాధ లేదు, అందుకే ఆ మాట మీద నిలబడాల్సిన పనీ లేదు. ఈ విషయంలో నేను జెఫర్సన్ వైపే కాస్త మొగ్గుతాను.

కానీ ఆ వ్యాసం చివర్లో ట్యూరింగ్ చెప్పిందే నేడు నిజమవుతోంది. పెద్దవాడి మనసును కట్టే బదులు పసివాడి మనసును కట్టి చదువు చెప్పండి అన్నారు. బడికి పంపితే తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని చమత్కరించారు కూడా. అలా నేర్చుకునే యంత్రం లోపల ఏం జరుగుతోందో గురువుకే పెద్దగా తెలియదని హెచ్చరించారు. ఈ మాట చదివి మన టీచర్లు నవ్వుకుంటారని నాకు తెలుసు.

ఆయన రాసిన చదరంగం ప్రోగ్రామును నడిపే కంప్యూటరు అప్పటికి లేదు. 1952లో తానే యంత్రంలా కూర్చుని, కాగితం మీద లెక్కకట్టి, ఒక్కో ఎత్తుకు అరగంట పట్టగా ఆడి, ఓడిపోయారు. అదే ఏడాది స్వలింగ సంపర్కం నేరమని కోర్టు శిక్షించింది. జైలుకు బదులు హార్మోను చికిత్సకు ఒప్పుకున్నారు. 1954 జూన్ 7న సైనైడ్ విషంతో చనిపోయారు. నలభై రెండేళ్లు నిండలేదు. విచారణలో ఆత్మహత్యగా తేల్చారు, తల్లి మాత్రం ప్రమాదమనే నమ్మారు. రాణి క్షమాభిక్ష 2013లో వచ్చింది.

కంప్యూటరు రంగంలో అత్యున్నత పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. 1994లో దాన్ని కృత్రిమ మేధ వ్యవస్థల మీద చేసిన కృషికి అందుకున్న ఇద్దరిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు.