కొండగొర్రెల చలివేంద్రానికి షష్టిపూర్తి

అరిజోనా డెజర్ట్ బిగ్‌హార్న్ షీప్ సొసైటీకి అరవై ఏళ్లు. 1967లో పుట్టిన సంస్థ. మన పంచాంగం లెక్కన ఆ ఏడు ప్లవంగ. 2027 ఉగాదితో మళ్లీ ప్లవంగే వచ్చింది. ఫీనిక్స్, చాండ్లర్‌లలో స్థిరపడ్డ మనవాళ్లు ఏ షష్టిపూర్తికి పిలుపొచ్చినా ఇంటిల్లిపాదీ తరలివెళ్తారు. దీనికి పిలవకపోయినా వెళ్లి ఒక దండ వేసి రావాలని నా కోరిక.

వీళ్లు పెట్టేది చలివేంద్రం. తాగేవి ఎడారి కొండల్లో తిరిగే బిగ్‌హార్న్ గొర్రెలు. చలికాలమంతా పచ్చిమేతలోని తేమతోనే చాలావరకు నెట్టుకొస్తాయి. మే, జూన్ వచ్చేసరికి ఎండ నలభై అయిదు డిగ్రీలకు చేరుతుంది, మేత ఎండుతుంది, బండల గుంటల్లో నిలిచిన నీరు ఆవిరైపోతుంది. పూర్వమైతే ఒక కొండలో నీళ్లు అయిపోతే మైదానం దాటి ఇంకో కొండకు పోయేవి. ఇప్పుడా దారుల్లో ఐ-10 హైవే ఉంది, కంచెలున్నాయి, కొలరాడో నది నీటిని టూసాన్ దాకా మోసుకెళ్లే దాదాపు 540 కిలోమీటర్ల కాలువ ఉంది. ఆ కాలువ నీళ్లు తాగేవాళ్లలో మనమూ ఉన్నాం. దారి మూసింది మనుషులు గనక దప్పిక తీర్చాల్సిందీ మనుషులే. ఈ సంఘం చేస్తున్న పనికి ఇంతకు మించిన తర్కం అక్కర్లేదు.

పని మాత్రం తేలికైనది కాదు. వాలు మీద రేకులు పరుస్తారు. వాటి మీద పడ్డ వాన గొట్టంలోంచి భూమిలో పాతిన ట్యాంకుల్లోకి, అక్కణ్ణుంచి తాగే తొట్టిలోకి తనంత తానే పారుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ట్యాంకునూ తొట్టినీ ఒకే మట్టంలో కూర్చోబెడితే చెడిపోవడానికి వాల్వు కూడా ఉండదు. చదరపు మీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఏడాదికి వంద మిల్లీమీటర్లు కురిసే చోట వంద చదరపు మీటర్ల రేకు పదివేల లీటర్లు పడుతుందన్నమాట. కాగితం మీద సులువే! సున్నపురాయిలా గట్టిపడిన నేలను డ్రిల్లుతో పగలగొట్టేవాళ్లను అడగాలి. రోడ్డు లేని చోటికి ట్యాంకులను హెలికాప్టర్‌లో దించుతారు, మిగతాదంతా భుజాల మీదే. తొట్టి లోపల గరుకు వాలు కట్టడం మరిచిపోరు. నీళ్లలో పడ్డ తాబేలో కౌజుపిట్ట పిల్లో పాకి పైకి రావాలి కదా. చుట్టూ వేసే ఇనప గొట్టాల కంచె కూడా అంతే లెక్కగా ఉంటుంది: గొర్రె దూరాలి, అడవి గాడిద దూరకూడదు. గొర్రెల కోసం కట్టినదాంట్లో జింకలు, గువ్వలు, గబ్బిలాలు, తేనెటీగలు అన్నీ వాటా పంచుకుంటాయి.

ఈ స్వచ్ఛంద సేవకుల్లో చాలామంది వేటగాళ్లు. ఏటా ఒకటి రెండు వేట పర్మిట్లను వేలం వేసి, ఆ సొమ్మును గొర్రెల సంరక్షణకే ఖర్చుపెడతారు. మనకు మింగుడుపడని సంగతే. నాకూ పూర్తిగా పడలేదు. కానీ వేట మాటే గిట్టని నాలాంటివాళ్లం ఎడారిలో ఎన్ని రేకులు మోశామని ఎవరైనా అడిగితే జవాబు లేదు.

ఇలా తొట్లు కట్టడానికి అడ్డుచెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లకూ గౌరవం దక్కాలి. అరిజోనాలోనే ఉన్న కోఫా అభయారణ్యంలో 2000లో 812గా ఉన్న గొర్రెల అంచనా 2006 నాటికి 390కి పడిపోయింది. మరుసటి ఏడాది అక్కడ రెండు నీటి తొట్లు కట్టారు. మనిషి చెయ్యి పడకూడని అడవిలో కట్టడాలేమిటని పరిరక్షణ వాదులు కోర్టుకెక్కారు. అవి తప్పనిసరని అధికారులు సరిగా చూపలేదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. మంచి ప్రశ్నే. నీళ్లు పెట్టే ముందు అవి అక్కడ నిజంగా కావాలా అని చూసుకోక తప్పదు. మన నల్లమలలో అటవీశాఖవాళ్లు వేసవిలో జంతువుల కోసం ట్యాంకర్లతో సాసర్ పిట్లు, అంటే సాసర్ ఆకారపు నీటి గుంటలు, నింపుతారు. అక్కడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

నేను దండ వేయదలచింది కట్టినందుకు కాదు, ఏళ్ల తరబడి తిరిగి వెళ్తున్నందుకు. రేకు గాలికి లేస్తుంది, గొట్టం పూడుతుంది, పగులు కారుతుంది. అది చూసుకునేవాళ్లకు గొర్రె కనబడడమే అరుదు, మనిషి కంటపడగానే కొండెక్కేస్తుంది. తొట్టి దగ్గరి కెమెరాలో పడిన ఫొటోయే కూలి.

అరవై నిండిన పెద్దలకు మనం దీర్ఘాయుష్షు కోరతాం. మీకు అదీ, దానితోపాటు ఈ జూలైలో మీ రేకుల మీద నాలుగు గట్టి వానలూ, హెలికాప్టర్‌తో నీళ్లు పోయాల్సిన అవసరం పడని వేసవీ కోరుకుంటున్నాం.