బొమ్మల్లో కథలు చెప్పిన దామెర్ల

దామెర్ల రామారావు గారనగానే రాజమండ్రి వాళ్లకి ఆర్ట్ గ్యాలరీ గుర్తొస్తుంది. మిగతా ఊళ్లలో చాలామందికి పేరు ఎక్కడో విన్నట్టుంటుంది, అంతే. నిండా 28 ఏళ్లు కూడా బతకని మనిషి. అయినా ఆయన బొమ్మ ముందు నిలబడితే మనకి తెలిసిన కథే కొత్తగా వింటున్నట్టుంటుంది. ఆ బొమ్మలు మనదాకా రావడంలో ఆయనింటి ఆడవాళ్ల చెయ్యి కూడా ఉంది. ఆయన గురించి ఈ పేజీలో రాయాలనిపించింది అందుకే.

రామారావు గారు 1897 మార్చి 8న పుట్టారు. అప్పట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాలు. ఆయనా చిత్రకారుడే. అడవి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. ఈ కుర్రాడి చేతిలో పనితనం ఉందని కనిపెట్టి బొంబాయి పంపించింది ఆయనే. 1916లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరిన రామారావు గారు 1920లో చదువు ముగించారు.

అక్కడ నేర్పేది పాశ్చాత్య పద్ధతి. ఒంటి కొలతలు, వెలుగునీడలు అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. ఆయన ఆ లెక్క వదల్లేదు, కానీ దాంతో మన కథలు వేశారు. ఆడదాన్ని ఎరగని ముని కుమారుడు ఋష్యశృంగుడి కథ మనందరం విన్నదే. ఆ కథతో వేసిన ఋష్యశృంగ బంధనానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. సిద్ధార్థుడి మనసులో ప్రేమ మొలకెత్తడాన్ని ఇంకో బొమ్మ చేశారు. పురాణాలే కాదండోయ్! పుష్పాలంకరణ, నందిపూజ, కార్తీక పౌర్ణమి... మన ఇళ్లల్లో, గుళ్లల్లో రోజూ చూసేవి కూడా ఆయనకి కథలే.

అది ఎలాంటి కాలమో కూడా చూడండి. 1921లో మా చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు కట్టేది లేదని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లూ వాకిళ్లూ వదిలి వెళ్లారు. రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. మనది మనకి కావాలన్న పట్టుదల ఇక్కడ పాకలు వేయించింది. రాజమండ్రిలో అదే పట్టుదల రంగుల్లోకి దిగిందనిపిస్తుంది నాకు.

ఊరికి తిరిగొచ్చాక ఆయన చిత్రకళాశాల పెట్టి పదిమందికి నేర్పారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు. ఇంటి ఆడవాళ్లు ముగ్గులతో సరిపెట్టుకోవాలని అందరూ అనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీ ప్రదర్శనకి ఆయన బొమ్మలు వెళ్లాయి. ఇక పైకొస్తాడనుకుంటుండగా మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

అంత చిన్న వయసులో భర్త పోతే ఆ ఇల్లాలు ఏమైపోవాలి? సత్యవాణి గారు బొమ్మలు అమ్ముకుని చేతులు దులుపుకోలేదు. బుచ్చికృష్ణమ్మ గారు, మిత్రుడు వరదా వెంకటరత్నం గారు తోడు నిలిచారు. అలా దాచుకున్న బొమ్మలే రాజమండ్రి గ్యాలరీకి ప్రాణం. వాటితో పాటు ఆ ఇద్దరు ఆడవాళ్లు వేసినవీ అక్కడున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో ఓ నేత కుటుంబం అమ్మాయి ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తోంది. చదువు ఆఖర్న పెట్టే ప్రదర్శనకి వాళ్ల నాయనమ్మ మగ్గం కథని వరస బొమ్మలుగా వేస్తోంది. ఇంట్లో మాత్రం ఇవి కూడు పెడతాయా, పెళ్లయ్యాక అటకెక్కేవేగా అంటున్నారు. కూడు సంగతి నేను హామీ ఇవ్వలేను. కానీ చీరాలలో రైలెక్కితే రాజమండ్రిలో దిగొచ్చు. అమ్మాయిని తీసుకుని ఓసారి ఆ గ్యాలరీ చూసి రమ్మన్నాను వాళ్లమ్మని. రామారావు గారి బొమ్మల దగ్గరే ఆగిపోకుండా, సత్యవాణి గారి బొమ్మల ముందు కూడా కాసేపు నిలబడి రమ్మన్నాను.