సంజీవయ్య పంచిన నేల, మన ఊళ్ల సెంటు లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ సందులో నిలబడినా ఇప్పుడు ఇంటి మాటే. కొత్త పట్టా ఎప్పుడిస్తారు, పాత కాలనీలో ఆగిపోయిన గోడలు ఎప్పుడు లేస్తాయి, లిస్టులో పేరుందా లేదా. ఈ రచ్చలో దామోదరం సంజీవయ్య పేరు ఎత్తేవాళ్లు శానా తక్కువ. జయంతి రోజు దండేసి, దేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి అని ఒక ముక్క చెప్పి పంపించేస్తారు. ఆయన మన ఊళ్లకు గృహనిర్మాణ మంత్రిగా కూడా పనిచేసినాడని ఎంతమందికి తెలుసు?

1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టినాడు. నాయన మునయ్య, అమ్మ సుంకులమ్మ. మాల కులం, సెంటు పొలం లేదు. నేత నేసి, కూలికి పోయి బతికే ఇల్లు. ఈయన పొత్తిళ్లలో ఉండగానే నాయన పోయినాడు. మేనమామ పంచన పెరిగి, కర్నూల్లో చదివి, అనంతపురం దత్తమండల కాలేజీలో డిగ్రీ చేసినాడు. తర్వాత మనోళ్ల మాదిరే ఉద్యోగం కోసం తిరిగినాడు, చిన్నాచితకా గుమాస్తా పనులు చేసినాడు. అట్లా చేస్తానే మద్రాసులో లా చదివి 1950లో వకీలు అయినాడు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటుకు పోయినాడు. వయసు 29.

1952లో మద్రాసు శాసనసభకు గెలిస్తే రాజాజీ తన మంత్రివర్గంలోకి తీసుకున్నాడు. ఇచ్చిన శాఖలు సహకారం, గృహనిర్మాణం. మన చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండాది, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా. ఆ రెండు శాఖలూ ఒకరికే ఇచ్చినారంటే దాంట్లో ఒక సంగతి ఉంది. ఆ కాలంలో ఇల్లు కట్టుకోవాలంటే సహకార సంఘంలో చేరాల, వాటా కట్టాల, స్థలం తాకట్టు పెట్టి అప్పు తీసుకోవాల. గుమాస్తాకు, టీచరుకు, చిన్న వ్యాపారికి అది పనికొచ్చింది. తాకట్టు పెట్టను జానెడు నేల లేని కూలోనికి ఏం పనికొస్తాది? వాని కొట్టం ఉండేదే ఇంకొకరి నేల మీద. కూలి పెంచమని అడిగిన రోజు కొట్టం పీకేయమంటారు. సంజీవయ్య పుట్టింది అట్లాంటి బతుకులోనే కాబట్టి, ఇంటి శాఖ చూసిన మనిషి తర్వాత నేల వైపు ఎందుకు పోయినాడో నాకు అర్థమయ్యేది ఇట్లా. ఇది నా లెక్క, పుస్తకాల్లో ఇట్లా రాసుండరు.

1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయినాడు, ఇంకా 39 నిండలేదు. కుర్చీలో ఉన్నది రెండేళ్ల పైన రెండు నెలలు. పార్టీలో పెద్దరెడ్ల గుంపులు ఆయన్ని కుదురుగా ఉండనిచ్చింది లేదు. అయినా వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టినాడు, అవినీతి నిరోధక శాఖ పెట్టినాడు. అన్నిటికన్నా పెద్ద పని, బంజరు భూములు పేదలకు పంచడం. ఆరు లక్షల ఎకరాలని లెక్క చెబుతారు. మన దిక్కు దరఖాస్తు పట్టా, డీకేటీ పట్టా అంటామే, ఆ దారిలో దళితులకు, గిరిజనులకు, వెనకబడినోళ్లకు నేల దక్కింది. కొడుకు ముఖ్యమంత్రి అయినా అమ్మ పెద్దపాడు కొట్టంలోనే కట్టెల పొయ్యి ఊదుకుంటా ఉండిందని ఆ పక్క ఇప్పటికీ చెప్పుకుంటారు.

1962 మార్చిలో పదవి పోయింది. ఆ ఏడాదే కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడయినాడు. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి. 1965 బోనస్ చట్టం ఆయన హయాంలోనిదే. 1971లో మళ్లీ పార్టీ అధ్యక్షుడయి, ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో చనిపోయినాడు. వయసు 51.

ఆయన పోయిన నాలుగేళ్లకు, 1976లో, ఇంకొకరి నేలలో కొట్టం వేసుకున్న కూలోనికి ఆ జాగా మీద హక్కిచ్చే చట్టం వచ్చింది. 1977లో అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని ఇంకో చట్టం. ఇవి రెండూ పేదోని కింద నేల నిలబెట్టను చేసినవి.

ఇంగ ఇప్పటి కత చూడండి. 2020 డిసెంబర్ 25న 30 లక్షల పట్టాలు అన్నారు. టౌన్లో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే 48 గజాల పైన కొంచెం. ఇప్పుడు టౌన్లో రెండు, పల్లెలో మూడు అంటున్నారు. పెరగడం మంచిదే. కానీ నీరుగట్టువారిపల్లె నేతగానికి ఇంట్లోనే మగ్గం దించాల, పడుగు చాపాల. పుంగనూరులో ఆవును కట్టేసుకునే ఇంటికి గాటిపాటు కావాల. కుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కేవాడికి జాగా ఎంతన్నదానికన్నా స్టేషన్‌కు ఎంత దూరమన్నదే లెక్క. ఊరికి ఆమడ దూరంలో కాలనీ ఇస్తే కూలిలో సగం ఆటోకే పోతాది.

దగ్గర నేల ఎందుకు దొరకదో మాస్టర్ ప్లాన్ మ్యాపు చూస్తే తెలుస్తాది. పొలం జోన్ నివాస జోన్‌గా మారిన రోజు ఎకరా ధర ఎగురుతాది. ఆ మార్పు ముందుగా తెలిసేది కూలోనికి కాదు. 2025లో ప్రభుత్వం నాలా చట్టం తీసేయాలని నిర్ణయించింది. పొలాన్ని ప్లాట్లు చేయడం ఇంకా సులువయితాది. లేఅవుట్ వేసేవాడికి సరే, ఆ లేఅవుట్లో పేదోని వాటా ఎంత అని మాత్రం గట్టిగా అడిగేవాడు లేడు. టౌన్ల అంచున మిగిలిన డీకేటీ నేల మీదనే అందరి కన్నూ. అమ్మకూడదన్న చట్టం ఉన్నా తెల్లకాగితం మీద అగ్రిమెంట్లు నడిచినాయి. 2023లో ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన పట్టాదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక అక్రమాలు జరిగినాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపినారు. అదే ఏడాది జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలిపోయినాయి. తర్వాత భూమి పోయిందని అర్జీలు పట్టుకోని జనం బారులు తీరినారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో తాత పేరుతో పాత డీకేటీ పట్టా ఉంటే ఈ వారమే బయటికి తీయండి. సర్వే నంబర్ మీభూమిలో కొట్టి అడంగల్లో ఎవరి పేరుందో చూడండి. 22ఏ జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి. పేరు మారిపోయి ఉంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.