పండిత రమాబాయి: నీతికి మూలాన్వేషణము

నీతి దైవదత్తమా, సమాజకల్పితమా అను ప్రశ్న తత్త్వగ్రంథములలో చిరకాలముగా చర్చింపబడుచున్నది. పండిత రమాబాయికి అది గ్రంథచర్చ కాదు, జీవితసమస్య. నీతికి సమాజమే మూలమైనచో, సమాజము వితంతువునకు విధించిన స్థానమును ఆమె శిరసావహింపవలసినదే. దైవమే మూలమైనచో, దైవము పేర మాటలాడువారిలో ఎవరిని నమ్మవలెనను ప్రశ్న మిగులును. ఈ రెండవ ప్రశ్నయే ఆమె జీవితమును నడిపినది.

రమాబాయి 1858లో పడమటి కనుమలలోని గంగామూలమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత విద్వాంసుడు. భార్యకు సంస్కృతము నేర్పినందుకు పండితుల యెదుట సమాధానము చెప్పుకొనవలసి వచ్చినను ఆయన వెనుదీయలేదు. రమాబాయి తల్లి లక్ష్మీబాయి యొద్దనే చదువుకొనెను. పురాణములు చదువుచు తీర్థములు సేవించుచు జీవించిన ఆ కుటుంబమును కరవు క్రుంగదీసెను. కడపటి గింజ నిండుకొన్న పిమ్మట వారు తిరుపతి యడవులలో ఆకులలములు తిని దినములు గడపిరి. 1874లో తలిదండ్రులిరువురును గతించిరి. పూర్వాచారమును నిష్ఠతో పాటించినవారిని ఆచారము కాపాడలేదన్న భావము ఆమెలో నాటుకొనెను.

అన్నతో కూడ దేశమంతయు తిరిగి ఆమె 1878లో కలకత్తా చేరెను. అచ్చటి విద్వాంసులామెకు పండిత, సరస్వతి బిరుదములిచ్చి గౌరవించిరి. అయితే ధర్మశాస్త్రములను చదివినకొలది ఆమెకొక విషయము స్పష్టమయ్యెను: అనేక విషయములలో పరస్పరము విభేదించు గ్రంథములు స్త్రీని తక్కువ చేయుటలో మాత్రము ఏకాభిప్రాయముతో నున్నవి. 1880లో ఆమె వర్ణాంతర వివాహము చేసికొనెను. 1882లో భర్త విపిన బిహారి మేధావి మరణించగా, పసిబిడ్డ మనోరమతో పూనా చేరి ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. ఆ యేడు మరాఠీలో వెలువడిన ఆమె గ్రంథము ‘స్త్రీధర్మనీతి’ ఇంకను సంప్రదాయ పరిధిలోనిదే.

1883లో ఆమె ఇంగ్లండుకు వెళ్లెను. లండనులోని ఫుల్హాములో క్రైస్తవ సన్న్యాసినులు పతితలని సమాజము వెలివేసిన స్త్రీలను చేరదీసి సేవించుట చూచెను. సమరయ స్త్రీతో క్రీస్తు సంభాషించిన కథ ఆమెకప్పుడు బోధపడెను. సమాజము దండించిన చోట దయ చూపుమని చెప్పు నీతి, ఆ సమాజమునుండియే పుట్టియుండదని ఆమె తలచెను. ఆ సంవత్సరమే వాంటేజిలో జ్ఞానస్నానము పొందెను.

అంతటితో అన్వేషణము ముగియలేదు. ఆమె పురుషులకు పాఠములు చెప్పుట తగదని బిషప్పులు అడ్డుపడిరి. త్రిత్వసిద్ధాంతమును ప్రశ్నించినపుడు గురువులైన సన్న్యాసినులు విధేయతను కోరిరి. సిలువపై లాటిను మాటలేల, సంస్కృతముండరాదా యని ఆమె వాదించెను. ఒక పురోహితవర్గమునుండి విడివడి మరియొక దానికి లోబడుట ఆమెకు సమ్మతము కాలేదు. మతసంస్థ కూడ సమాజమే. దాని యాచారము దైవాజ్ఞ కానేరదు. ఇది ఆమె గ్రహించిన సత్యము. క్రైస్తవమతమును చేపట్టియు క్రీస్తును తాను పొందలేదని, ఆ యనుభవము 1891 ప్రాంతమున కలిగినదని ఆమె తరువాత వ్రాసికొనెను.

1889లో బొంబాయిలో వితంతువులకొరకు ఆమె స్థాపించిన శారదాసదనము మరుసటి యేడు పూనాకు తరలెను. మతవిషయమున తటస్థముగా నుండుటకు మాట యిచ్చిన ఆ సంస్థలో కొందరు బాలికలు ఆమె ప్రార్థనలకు హాజరగుట వివాదమునకు దారితీసెను. 1893లో రానడే, భండార్కరులు సలహాసంఘమునుండి వైదొలగిరి. తన గది తలుపు మూయుట కపటమని ఆమె వాదము. ఆశ్రయము పొందిన బాలికకు నిజమైన స్వేచ్ఛ యెంతయని వారి శంక. ఆ శంకను తేలికగా త్రోసిపుచ్చరాదు. దయాధర్మమునకు మతాంతరము అవసరములేదని రానడే జీవితమే సాక్ష్యము.

1896-97 కరవులో మధ్యపరగణాలనుండి వందలాది బాలికలను తెచ్చి ఆమె కేడ్గామున ముక్తిసదనమును నెలకొల్పెను. ఒకనాడు ఆకలితో అడవిపాలైన బాలికయే ఇప్పుడు ఇతరులకు అన్నము పెట్టుచున్నది. హీబ్రూ, గ్రీకులు నేర్చి బైబిలును సామాన్య స్త్రీలకు తెలియు మరాఠీలోనికి అనువదించుట ఆమె కడపటి కార్యము. సంస్కృతమునందు అంతటి ప్రజ్ఞగల ఆమె సంస్కృతపదాడంబరమును వదలుకొనుట భాషావేత్తలు గమనింపదగినది. దేవుని మాట ఎవరి మధ్యవర్తిత్వము లేక స్త్రీకి చేరవలెనన్న నిశ్చయమే దానికి కారణము. 1922 ఏప్రిల్ 5న ఆమె పరమపదించెను; సంపూర్ణానువాదము 1924లో వెలువడెను.

రమాబాయి దృష్టిలో నీతికి మూలము దైవమే. కాని దైవమును పేర్కొను ప్రతి వాక్కును ఆమె ఒకే గీటురాతిపై పరీక్షించెను: అది వెలివేయబడిన వారిని దగ్గరకు తీయుచున్నదా, మరింత దూరము నెట్టుచున్నదా? మూలము పరలోకమున నున్నను, దాని పరీక్షాస్థలము సమాజమే. ఆమె క్రైస్తవమును అంగీకరింపనివారికి సైతము ఈ గీటురాయి ఉపయుక్తమే.