కాగితం ఇవ్వనన్న గణితవేత్త – నార్బర్ట్ వీనర్

జొన్నచేను మీద ఎగిరే పిట్టను వడిసెలతో కొట్టదలచినవాడు అది ఉన్నచోటికి రాయి విసరడు, ఉండబోయే చోటికి విసురుతాడు. రెండవ ప్రపంచయుద్ధంలో విమాన విధ్వంసక ఫిరంగులకు ఎదురైన చిక్కు కూడా ఇదే. గుండు పైకి చేరే క్షణాలలో విమానం ఎంతో దూరం సాగిపోతుంది. పైగా చోదకుడు దారి మారుస్తూ ఉంటాడు. ఈ లెక్కను మనిషి చేతినుండి యంత్రానికి అప్పగించబూనినవారిలో నార్బర్ట్ వీనర్ ఒకరు.

వీనర్ 1894 నవంబరు 26న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జన్మించారు. తండ్రి లియో వీనర్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్లావిక్ భాషల ఆచార్యులు. కుమారునికి తొలి గురువు, మిక్కిలి కఠినుడైన గురువు కూడా ఆయనే. పద్నాలుగవ ఏట పట్టభద్రుడై, పద్దెనిమిదవ ఏట డాక్టరేటు పొందిన వీనర్ 1919లో ఎం.ఐ.టి.లో అధ్యాపకులుగా చేరారు.

1940 తరువాత జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో కలిసి, విమానం గడచిన మార్గాన్ని బట్టి రాబోయే మార్గాన్ని ఊహించే గణితాన్ని ఆయన రూపొందించారు. మనిషి తన గురి తప్పినప్పుడు చూసుకొని దిద్దుకొంటాడు. యంత్రమూ ఆ విధంగా చేయగలదన్న భావన ఈ పనిలోనే బలపడింది. 1948లో సైబర్నెటిక్స్ అన్న పేరుతో ఆయన లోకానికి అందించిన శాస్త్రానికి ఇదొక పునాది. 1942 నాటి ఆయన నివేదిక పసుపుపచ్చ అట్టతో రహస్యపత్రంగా కొద్దిమందికే అందింది. యంత్రం మాత్రం యుద్ధరంగానికి చేరనేలేదు. 1944లో ఇంగ్లండుపైకి వచ్చిన జర్మనుల ఎగిరే బాంబులను కూల్చడంలో రాడారుతో జతకూడి పనిచేసినది బెల్ ప్రయోగశాలల యంత్రం.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలు దగ్ధమైనాయి. అటుపిమ్మట, ఒక పెద్ద విమాన నిర్మాణ సంస్థలో క్షిపణులపై పనిచేస్తున్న శాస్త్రజ్ఞుడొకరు యుద్ధకాలపు పత్రం ప్రతి పంపవలసిందిగా వీనర్‌ను కోరారు. వీనర్ నిరాకరించారు. ఆ జవాబు 1947 జనవరిలో అట్లాంటిక్ మాసపత్రికలో అచ్చయింది. నిస్సహాయులైన ప్రజలపై బాంబులు కురిపించే పనికి తాను తోడ్పడబోనని తేల్చిచెప్పారు. ప్రభుత్వం వద్ద ఆ పత్రం దొరుకుతుందని ఆయనకు తెలియకపోలేదు. తన చేతి మీదుగా పోరాదన్నదే ఆయన పట్టు.

క్షిపణుల నిర్మాణం ఆగలేదు. ఆ నివేదికే 1949లో గ్రంథరూపంలో బహిరంగంగా వెలువడింది కూడా. విమర్శించదలచినవారికి ఇంతకంటె ఏం కావాలి! అయినా తన పరిశోధనకు సైన్యపు సొమ్ము పుచ్చుకోనన్న నియమాన్ని వీనర్ విడువలేదు. 2018లో డ్రోన్ చిత్రాలను కృత్రిమ మేధతో పరిశీలించే సైనిక పథకం వద్దని గూగుల్ ఉద్యోగులు వేలాదిగా సంతకాలు చేశారు. సంస్థ ఒప్పందాన్ని పొడిగించలేదు, పని ఇతర సంస్థల చేతికి పోయింది. వీనర్ ఎదుర్కొన్న చిక్కు అక్కడా విడలేదు.

1955-56లో ఆయన కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు అతిథి ఆచార్యులుగా వచ్చారు. నాటి బళ్ళారి జిల్లా హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు పనిచేసిన సంస్థ అదే.

నేర్చుకొనే యంత్రాలకు యుద్ధ నిర్ణయాలు అప్పగిస్తే, మనిషి పొరపాటు గ్రహించేలోగానే అవి పని ముగించవచ్చునని 1960లో సైన్స్ పత్రికలో హెచ్చరించారు. 1964 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం అందుకొన్న వీనర్, మార్చి 18న స్టాక్‌హోమ్ నగరంలో కన్నుమూశారు.