కొండవీటి విద్యాధికారి

గుంటూరునకు పడమర ఫిరంగిపురము చేరువనున్న కొండలవరుసపై నేటికిని బురుజులు, శిథిలప్రాకారములు, మూడు చెఱువులు నిలిచియున్నవి. రెడ్డిరాజుల రాజధానియగు కొండవీడు ఇదియే. ఇప్పుడు కొండపైకి బండ్లు పోవు బాట యేర్పడినది. చూడవచ్చినవారు కోటద్వారములను జూచి, రాజుల పేరులు తలంచి మరలుచున్నారు. రాలు చెప్పజాలని సంగతులను జెప్పగల సాక్షి వేఱొకడు కలడు. అతడు కవిసార్వభౌముడగు శ్రీనాథుడు. ఆ మహాకవి జీవితమును దెలియక కొండవీటిని దెలిసికొనుట దుర్లభమని మా యభిప్రాయము.

1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో స్వతంత్రరాజ్యమును నెలకొల్పెను. అతని కుమారుడు అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. శత్రువుల కందని దుర్గము లభించినంతమాత్రమున రాజ్యము నిలువదని యాతడెఱుగును. కావుననే 1358లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, సముద్రవర్తకుల కభయ మొసగెను. ఆ నీతికి ఫలమేమో శ్రీనాథుని హరవిలాసమే సాక్ష్యము పలుకుచున్నది. ఆ కావ్యమునకు గృతిపతి రాజు కాడు, అవచి తిప్పయసెట్టి యను వర్తకుడు. సింహళపుటేనుగులు, హురుముంజి గుఱ్ఱములు, చీనాపట్టులు, కప్పురము, కస్తూరి ఆ సెట్టి యోడలపై వచ్చుచుండెడివి. కుమారగిరిరెడ్డి యేటేట జరిపిన వసంతోత్సవములకు సుగంధద్రవ్యముల నొసగినవా డాతడే. దేవునికో దొరకో కృతులిచ్చుట పరిపాటియైన కాలమున వర్తకుడు కృతిభర్త యగుట ఆ నగరమునం దెవ్వరికి గౌరవము గలిగియుండెనో తెలుపుచున్నది.

1402లో సింహాసన మెక్కిన పెదకోమటి వేమారెడ్డి స్వయముగా పండితుడు, సాహిత్యచింతామణి రచించినవాడు. అతడు శ్రీనాథుని విద్యాధికారిగా నియమించెను. మంత్రి మామిడి సింగన శృంగారనైషధమును కృతినందెను. సంస్కృతమున శ్రీహర్షుడు రచించిన విద్వదౌషధమును తెనుగు చేయుటకు సాహసించినవా డంతవఱకు లేడు.

అయితే మా దృష్టి నెక్కువగా నాకర్షించునది 1409 నాటి ఫిరంగిపురశాసనము. పెదకోమటి వేముని దేవి సూరాంబిక సంతానసాగరమను తటాకమును త్రవ్వించెను. ఆ ధర్మమును శిలపై నిలిపినవాడు విద్యాధికారి శ్రీనాథుడే. నలదమయంతుల వలపును వర్ణించిన గంటమే చెఱువునుగూర్చియు వ్రాసినది. ఆ చెఱువునకు నీరు చేరునట్లు రాకుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువను త్రవ్వించెను. కవి, రాణి, రాకుమారుడు ముగ్గురును ఒక్క నీటిపనికి తోడైన దినములవి. కొండవీటి వైభవ మనగా మాకు తోచునది వసంతోత్సవపు కప్పురముకంటె నీ చెఱువునీరే.

కాని కాలువ త్రవ్వించిన యా రాచవేముడే 1420లో రాజై ప్రజలపై కఠినముగా సుంకములు విధించెను. బిడ్డ పుట్టినను పురిటిసుంకము చెల్లింపవలసివచ్చెననియు, దాని నోర్వలేక సవరము ఎల్లయ యనువాడు రాజును బొడిచి చంపెననియు స్థానికపు కవిలెలు చెప్పుచున్నవి. 1424 ప్రాంతమున రాజ్య మంతరించెను. దుర్గము చెక్కుచెదరలేదు. ప్రజల మనసు విఱిగినది.

ఆశ్రయము గోల్పోయిన కవి దేశాటనము చేసెను. విజయనగరమున ప్రౌఢదేవరాయల కొలువులో గౌడడిండిమభట్టును గెలిచి, అతని కంచుఢక్క పగులగొట్టించి, కనకాభిషేకము నందెనని ప్రసిద్ధి. రాజమహేంద్రవరమున మంత్రి బెండపూడి అన్నయకు భీమేశ్వరపురాణమును, వీరభద్రారెడ్డికి కాశీఖండమును అంకితము చేసెను. ఆ రాజ్యమును గజపతుల వశమయ్యెను. వృద్ధుడైన కవి కృష్ణాతీరమున బొడ్డుపల్లిని గుత్తకు దీసికొని సేద్యమునకు దిగెనట. పండినపంటను వఱద గొనిపోయెను, మిగిలినదానిని పక్షులు తినిపోయెను. ఏడునూఱుల టంకముల పన్ను చెల్లింపలేక, మెడకు పొగడదండ తగిలించుకొని, భుజముపై రాయి మోసి నిలువవలసివచ్చెనని చాటుపద్యముల వలన జనులు చెప్పుకొందురు. ఆ చాటువులన్నియు నాతనివే యగునో కాదో పండితులు విచారింతురుగాక. బంగారముతో దడిసిన తల పన్ను బాకీకి వంగెనను కథను ఐదువందల యేండ్లకు పైగా తెలుగువారు మఱవకుండుటయే గమనింపదగినది. పంట పోయినను పన్ను తప్పని రైతుల వ్యథ యా కథలో తమ కంఠమును గనుగొన్నది.

కొండవీటి చరిత్రమునుండి మేము గ్రహించు నీతి యిదియే. చెఱువు త్రవ్వించిన ప్రభుత్వమును కవి శిలపై నిలిపెను. సేద్యకాని కన్నీరు చూడని ప్రభుత్వమును జనులు చాటువులలో నిలిపిరి. రెండును చెఱిగిపోలేదు. కోటను జూడబోవు చదువరులు బురుజుల నెక్కి దిగుటతో దృప్తినొందక, ఫిరంగిపురపు శాసనమును, సంతానసాగరమును గూడ స్మరింపవలెను. గోడలను బాగుచేయుట మంచిపనియే. ఆ గోడలక్రింది చెఱువులను, కాలువలను పూడిపోకుండ గాపాడుకొనుట విద్యాధికారి మనకు వదలిపోయిన పని.